ఇంజను మార్చారు సరే, గేరుబాక్సు తట్టుకుంటుందా?

అమెరికాలో పాత పికప్ ట్రక్కు అంత తొందరగా తుక్కుకు వెళ్లదు. ఛాసిస్ గట్టిగా ఉండి, క్యాబిన్‌ను తుప్పు తినకుండా ఉంటే చాలు. ఇంజను పని అయిపోయిన రోజున దాన్ని దించేసి ఇంకో బండి ఇంజను ఎక్కిస్తారు. దీనికి అక్కడ ఇంజన్ స్వాప్ అని పేరు. ఇలా బళ్లు మారే ఇంజన్లలో బాగా పేరుమోసింది కమిన్స్ కంపెనీ 5.9 లీటర్ల, ఆరు సిలిండర్ల డీజిల్ ఇంజను. 1989 మోడల్ డాడ్జ్ రామ్ ట్రక్కులతో అది పికప్‌లలోకి వచ్చింది. చుట్టూ ఉన్న బండి శిథిలమైపోయినా ఇంజను మాత్రం తిరుగుతూనే ఉంటుందని ప్రతీతి. అందుకే తుప్పుపట్టిన డాడ్జ్ నుంచి దాన్ని విప్పి, ఫోర్డ్ ఎఫ్-250 ఛాసిస్‌లో కూర్చోబెట్టేవాళ్లు చాలామంది. ఫోర్డ్, కమిన్స్ పేర్లను కలిపేసి అలాంటి బండిని ‘ఫమ్మిన్స్’ అంటారు.

ఈ ఇంజను మనకూ కొత్తేమీ కాదు. జంషెడ్‌పూర్‌లోని టాటా కమిన్స్ కర్మాగారంలో తయారైన ఇదే రకం 6బీటీ ఇంజన్లు టాటా లారీల్లో మన రోడ్లన్నీ తిరిగాయి. ఆటోనగర్ మెకానిక్కుకు దాని మోత వింటే చాలు, ఏ ఇంజనో తెలిసిపోతుంది. అయితే మన లారీలో ఆ ఇంజను వెనక ఉండేది క్లచ్ పెడలు, గేరు రాడ్డు ఉన్న మామూలు గేరుబాక్సు. అమెరికన్ పికప్ యజమానుల్లో ఎక్కువమందికి కావలసింది ఆటోమేటిక్. అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది.

ఇంజను మౌంట్లు వెల్డింగుతో సరిపోతాయి. రేడియేటర్ పెద్దది పెట్టుకోవచ్చు. గేరుబాక్సు విషయంలో మాత్రం ఎంపిక తప్పితే, బండి మొదటి వారం బాగానే తిరిగి, మొదటిసారి ట్రెయిలర్ తగిలించి ఎత్తు ఎక్కిన రోజున మొండికేస్తుంది. ‘గట్టి గేరుబాక్సు ఏది?’ అని ఎవరిని అడిగినా ఒక మోడల్ పేరు చెబుతారు. ఆ పేరు వెనక ఉన్న కారణం తెలియకపోతే, గట్టిదని కొన్నదే మన బండిలో బలహీనమైనది కావచ్చు.

లోపల జరిగే మూడు పనులు

ఆటోమేటిక్ గేరుబాక్సు చేసేవి మూడు పనులు. మొదటిది ఇంజను నుంచి శక్తిని అందుకోవడం. ఇది టార్క్ కన్వర్టర్ వంతు. ఇంజనుతో పాటు తిరిగే పంపు చక్రం నూనెను అంచువైపుకు విసురుతుంది. ఆ నూనె ఎదురుగా ఉన్న టర్బైన్ రెక్కలను తోస్తుంది. తిరిగివచ్చే నూనెను మధ్యలోని స్టేటర్ దారి మళ్లించి, పంపు తిరిగే దిక్కుకే పంపుతుంది. ఈ మళ్లింపు వల్ల, బండి కదలబోయే క్షణంలో ఇంజను ఇచ్చిన టార్క్ దాదాపు రెట్టింపై బయటికి వస్తుంది. జర్మన్ ఇంజనీరు హెర్మన్ ఫొట్టింగర్ 1905లో దీనికి పేటెంటు తీసుకున్నాడు. ఆయన దీన్ని కనిపెట్టింది కార్ల కోసం కాదు, ఓడల కోసం. వేగంగా తిరిగే ఆవిరి టర్బైన్‌ను నెమ్మదిగా తిరగవలసిన ప్రొపెల్లర్‌తో కలపడం అప్పటి అవసరం.

రెండో పని గేర్లు మార్చడం. మధ్యలో సూర్యచక్రం, దాని చుట్టూ గ్రహచక్రాలు, వాటిని చుట్టి బయట పళ్ల వలయం. ఈ మూడింటిలో ఒకదాన్ని కదలకుండా పట్టి ఉంచితే ఒక నిష్పత్తి వస్తుంది, ఇంకోదాన్ని పడితే ఇంకో నిష్పత్తి. రెండింటిని కలిపి బిగిస్తే మొత్తం ఒకే ముద్దగా తిరిగి, గేరు నేరుగా ఉంటుంది. పళ్లు ఎప్పుడూ ఒకదానిలో ఒకటి ఇమిడే ఉంటాయి కాబట్టి గేరు మార్చేటప్పుడు కరకరలాడే ప్రసక్తి లేదు. ఒకే సూర్యచక్రాన్ని రెండు సెట్లకు ఉమ్మడిగా వాడి మూడు ముందు గేర్లు, ఒక రివర్సు ఇచ్చే అమరికను రూపొందించినవాడు హోవర్డ్ సింప్సన్. క్రైస్లర్ కంపెనీ 1956లో టార్క్‌ఫ్లైట్ గేరుబాక్సులో దాన్ని వాడింది. ఆ తర్వాత అమెరికాలో వచ్చిన మూడు గేర్ల ఆటోమేటిక్‌లు చాలావరకు ఆ బాటలోనే నడిచాయి.

మూడో పని పట్టుకోవడం. కావలసిన చక్రాన్ని ఆపే పని, కావలసిన రెండింటిని కలిపే పని క్లచ్ ప్యాకులు, బ్యాండ్లు చేస్తాయి. వాటిని నొక్కేది నూనె ఒత్తిడి. ఆ నూనెను ఎటు పంపాలో నిర్ణయించేది వాల్వ్ బాడీ.

ఆటోమేటిక్ అంటే సుకుమారమైనదనే అభిప్రాయం మనలో చాలామందికి ఉంది. చరిత్ర అందుకు ఒప్పుకోదు. 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్లలో వచ్చిన హైడ్రామాటిక్ గేరుబాక్సు, రెండో ప్రపంచ యుద్ధంలో ఎం5 స్టువర్ట్ ట్యాంకుల్లో పనిచేసింది. జనరల్ మోటార్స్ 1964 మోడళ్లతో తెచ్చిన టర్బో హైడ్రామాటిక్ 400ను అటు రోల్స్‌రాయిస్, జాగ్వార్ కంపెనీలు కొనుక్కుని తమ కార్లలో పెట్టుకున్నాయి, ఇటు అమెరికా సైన్యం హమ్వీలో వాడుకుంది. సరిగ్గా అమరిన ఆటోమేటిక్ ఎంత బరువైనా లాగుతుంది. ఆ అమరికలోనే ఉంది అసలు కిటుకు.

పళ్లు విరగవు, ప్లేట్లు కాలతాయి

గేరుబాక్సు పాడైందంటే లోపల పళ్లు విరిగాయనే అనుకుంటాం. ఆటోమేటిక్‌లలో అది అరుదు. ఎక్కువగా పోయేవి క్లచ్ ప్లేట్లు. ఒక క్లచ్ ప్యాకు ఎంత టార్క్ పట్టగలదో లెక్క కట్టడానికి నాలుగు అంకెలు చాలు: నొక్కే బలం, రాపిడి గుణకం, ప్లేటు సగటు వ్యాసార్ధం, రాపిడి ముఖాల సంఖ్య. ఈ నాలుగింటి లబ్ధమే దాని పట్టు.

ఉదాహరణకు ఒక ప్యాకులో ఐదు ప్లేట్లు, అంటే పది రాపిడి ముఖాలు ఉన్నాయనుకుందాం. నూనె ఒత్తిడి వాటిని 10,000 న్యూటన్ల బలంతో, అంటే సుమారు ఒక టన్ను బరువుతో నొక్కుతోంది. నూనెలో తడిసిన ప్లేట్ల రాపిడి గుణకం 0.13, సగటు వ్యాసార్ధం 6 సెంటీమీటర్లు. అన్నీ గుణిస్తే 780 న్యూటన్ మీటర్లు వస్తుంది. 1989 నాటి కమిన్స్ 5.9 ఇచ్చే గరిష్ఠ టార్క్ 542 న్యూటన్ మీటర్లు. కాబట్టి సరిపోతుందనిపిస్తుంది. కానీ ఆ ప్యాకు ఉన్నది కన్వర్టర్ తర్వాత. బండి కదిలే క్షణంలో కన్వర్టర్ ఆ 542ను రెట్టింపు చేసి 1,084గా అందిస్తుంది. ఇప్పుడు 780 పట్టు చాలదు, ప్లేట్లు జారతాయి.

డ్రైవర్లకు హాఫ్ క్లచ్ సంగతి తెలుసు. పెడలు సగం నొక్కి ఎత్తు మీద బండిని ఆపితే కాసేపటికి కాలిన వాసన వస్తుంది. ఆటోమేటిక్‌లో జరిగేదీ అదే. కాకపోతే డ్రైవరు కాలు ప్రమేయం లేదు, వాసన కూడా వెంటనే బయటికి రాదు. ప్లేటు జారితే వేడెక్కుతుంది. వేడెక్కితే పైపొర గాజులా నున్నబడుతుంది. నున్నబడితే రాపిడి తగ్గి ఇంకా జారుతుంది. ఒకసారి మొదలైన ఈ వలయం ప్లేటు మాడిపోయేదాకా ఆగదు.

గేరుబాక్సులను తిరిగి కట్టే మెకానిక్కులు చేసే పనులు ఈ నాలుగు అంకెల నుంచే వస్తాయి. ఐదు ప్లేట్ల చోట ఆరు ఇరికిస్తే పట్టు 936కు పెరుగుతుంది. ప్లేట్లు అలాగే ఉంచి ఒత్తిడిని ఐదో వంతు పెంచినా అదే 936. ఊరికే ఒత్తిడి పెంచుకుంటూ పోతే సరిపోదా అంటే, గేరు మారిన ప్రతిసారీ బండి గుద్దినట్టు అదురుతుంది, పంపు మీద భారం పడుతుంది, సీళ్లు తొందరగా పోతాయి. తిరగవేసి చూస్తే ఇంకో సంగతి బయటపడుతుంది. పాత గేరుబాక్సులో సీలు గట్టిపడి ఒత్తిడి ఐదో వంతు తగ్గితే పట్టు 624కు పడిపోతుంది. తుక్కు యార్డులో తెచ్చిన గేరుబాక్సును విప్పి చూడకుండా బిగించడం ఎందుకు ప్రమాదమో ఈ ఒక్క లెక్క చెబుతుంది.

హార్స్‌పవర్ కాదు, టార్క్

గేరుబాక్సు ఎంచుకునేటప్పుడు చాలామంది చూసే అంకె హార్స్‌పవర్. అది దారి తప్పిస్తుంది. 1989 కమిన్స్ శక్తి 160 హార్స్‌పవరే. జనరల్ మోటార్స్ ట్రక్కుల్లో 2000ల తొలినాళ్లలో వచ్చిన 6 లీటర్ల పెట్రోల్ వీ8 సుమారు 300 హార్స్‌పవర్ ఇచ్చేది. దాని టార్క్ మాత్రం 490 న్యూటన్ మీటర్ల దరిదాపు, డీజిల్ కన్నా తక్కువే. ప్లేట్లను జార్చేది టార్క్. హార్స్‌పవర్ అంటే ఆ టార్క్ ఎంత వేగంతో అందుతోందనే లెక్క.

పైగా డీజిల్ తన పూర్తి టార్క్‌ను 1,700 ఆర్పీఎం దగ్గరే ఇచ్చేస్తుంది. గేరుబాక్సులో ఒత్తిడి పుట్టించే నూనె పంపు తిరిగేది ఇంజను వేగంతోనే. పెట్రోల్ ఇంజను పూర్తి టార్క్ దగ్గర 4,000 ఆర్పీఎంతో తిరుగుతుంటే పంపు దండిగా నూనె ఇస్తుంది. డీజిల్ దగ్గర అంతకన్నా ఎక్కువ పట్టు కావాలి, పంపు మాత్రం సగం వేగంతోనే తిరుగుతోంది. లీకులు ఏమాత్రం ఉన్నా తేలిపోయేది ఇక్కడే. పెట్రోల్ వీ8 వెనక లక్ష మైళ్లు తిరిగిన గేరుబాక్సు డీజిల్ వెనక నెలలోపే చేతులెత్తేయడానికి ఇదొక ముఖ్య కారణం.

ఇంకో తేడా కుదుపు. నాలుగు స్ట్రోకుల వీ8లో చుట్టుకు నాలుగు పేలుళ్లు. ఆరు సిలిండర్ల డీజిల్‌లో మూడే, కానీ ఒక్కొక్కటి గట్టి దెబ్బ. ఆ దెబ్బలను ఇంజనుకూ కన్వర్టర్‌కూ మధ్య ఉండే ఫ్లెక్స్‌ప్లేటు, కన్వర్టర్‌లోని లాకప్ డ్యాంపర్, ఇన్‌పుట్ షాఫ్ట్ కాయాలి. అందుకే డీజిల్ వెనక పెట్టే గేరుబాక్సులకు ఈ మూడింటినీ మందమైన, మంచి ఉక్కు రకాలతో మారుస్తారు.

రేపటి సంగతి కూడా ఆలోచించాలి. 1994 నుంచి 1998 దాకా వచ్చిన 12 వాల్వుల కమిన్స్‌కు ఇంధనాన్ని చిమ్మే పీ7100 అనే ఇన్‌లైన్ పంపు ఉంటుంది. దానిలో చిన్న మార్పులు చేస్తే చాలు, ఇంధనం పెరిగి టార్క్ ఒక్కసారిగా ఎగబాకుతుంది. ఇంజను ఎక్కించిన మనిషి ఆ పని చేయకుండా ఉండడం అరుదు. గేరుబాక్సును ఇవాళ్టి టార్క్‌కు కాక, అప్పటి టార్క్‌కు ఎంచుకోవాలి.

నూనె మరిగే లెక్క

గేరుబాక్సుల ఆయుష్షును తేల్చేది చివరికి వేడి. అమెరికాలో ట్రక్కు ఎంత బరువు లాగగలదో నిర్ణయించే ప్రమాణం ఎస్ఏఈ జే2807. దానిలోని ఒక పరీక్ష అరిజోనా రాష్ట్రంలో డేవిస్ డ్యామ్ ఎత్తు మీద చేస్తారు. 18 కిలోమీటర్ల పొడవున, దాదాపు 900 మీటర్లు పైకి ఎక్కాలి. బయట 38 డిగ్రీల ఎండ ఉండాలి, లోపల ఏసీ పూర్తిగా వేసి ఉంచాలి, మామూలు పికప్ అయితే గంటకు 64 కిలోమీటర్ల వేగం తగ్గకూడదు.

ట్రక్కు, ట్రెయిలర్ కలిపి 6 టన్నులనుకుంటే, అంత బరువును 900 మీటర్లు పైకి ఎత్తడానికే 53 మెగాజౌళ్లు కావాలి. ఆ ఎక్కడానికి పట్టే సమయం 17 నిమిషాలు. అంటే ఎత్తు కోసమే సగటున 52 కిలోవాట్లు. గాలి, టైర్ల నిరోధం కూడా కలిపితే 75 కిలోవాట్ల దాకా వెళుతుంది. కన్వర్టర్ లాక్ కాకుండా జారుతూ పదో వంతు నష్టపోతుంటే, సుమారు 8 కిలోవాట్లు వేడిగా మారి నూనెలో చేరతాయి. ఇంట్లో బకెట్టు నీళ్లు కాచే ఇమ్మర్షన్ హీటర్లు నాలుగింటిని 17 నిమిషాలపాటు గేరుబాక్సులో ముంచి ఉంచడమన్నమాట. లాకప్ క్లచ్ బిగుసుకుంటే, పంపు చక్రం, టర్బైన్ ఒకటై తిరిగి, ఈ కన్వర్టర్ నష్టం దాదాపుగా మాయమవుతుంది. బరువు లాగే బండికి లాకప్ లేని గేరుబాక్సు ఎందుకు పనికిరాదో దీన్నిబట్టి తెలుస్తుంది.

బ్రేకు నొక్కిపట్టి యాక్సిలరేటర్ తొక్కితే ఇంకా ఘోరం. టర్బైన్ ఆగి ఉంటుంది, కాబట్టి ఇంజను శక్తి మొత్తం వేడే. 540 న్యూటన్ మీటర్లు, 1,700 ఆర్పీఎం అంటే 96 కిలోవాట్లు. గేరుబాక్సులో 8 లీటర్ల నూనె ఉండి, వేడంతా దానిలోనే చేరితే సెకనుకు 7 డిగ్రీల చొప్పున ఉష్ణోగ్రత పెరుగుతుంది. పది సెకన్లు చాలు నూనెను పాడుచేయడానికి.

గేరుబాక్సు నూనెకు 80 డిగ్రీల సెల్సియస్ హాయి. ఆపైన ప్రతి 11 డిగ్రీలకూ నూనె ఆయుష్షు సగం అవుతుందని అక్కడి మెకానిక్కుల మోటు లెక్క. 120 దాటితే నూనె జిగురుపొరగా మారి వాల్వులకు అంటుకుంటుంది, సీళ్లు గట్టిపడతాయి. ఈ నూనె మామూలు కందెన కాదు. గేర్లను జారనివ్వాలి, ప్లేట్లను మాత్రం పట్టుకోనివ్వాలి. ఈ రెండు విరుద్ధ గుణాలను కుదర్చడానికి ఒకప్పుడు స్పెర్మ్ తిమింగలం నూనెను కలిపేవారు. 1970ల తొలినాళ్లలో అమెరికా ఆ నూనెను నిషేధించాక, రసాయన కంపెనీలు ప్రత్యామ్నాయాల కోసం పరుగులు పెట్టాయి. గేరుబాక్సుకు సరైన రకం నూనే పోయాలన్న నియమం వెనక ఉన్నది ఈ రాపిడి గుణకమే. పై లెక్కలో 0.13 అనుకున్న అంకె నూనె రకంతో మారిపోతుంది.

బరిలో ఉన్నవి

ఈ కొలతలు చేతిలో పెట్టుకుని అసలు పేర్లకు వద్దాం. ఫమ్మిన్స్ కట్టేవాళ్ల ముందు సాధారణంగా ఉండేవి ఇవి.

టర్బో 400: మూడు గేర్లు, నిష్పత్తులు 2.48, 1.48, 1. నిర్మాణం దిట్టం, కంప్యూటరు అక్కరలేదు. ఓవర్‌డ్రైవ్ (ఇంజను కన్నా బయటి షాఫ్ట్ వేగంగా తిరిగే గేరు) లేదు, లాకప్ లేదు. తక్కువ దూరాలు, పొలం పనులు, పందేలు అయితే భేషైనది. రోజూ హైవే మీద తిరిగే బండికి కాదు.

4ఎల్80ఈ: 1991లో జనరల్ మోటార్స్ టర్బో 400కు ఓవర్‌డ్రైవ్, లాకప్, ఎలక్ట్రానిక్ నియంత్రణ చేర్చి చేసినది. నాలుగో గేరు 0.75. కంపెనీ ఇచ్చిన ఇంజను టార్క్ పరిమితి సుమారు 600 న్యూటన్ మీటర్లు. జీఎం 6.5 లీటర్ల డీజిల్ వెనక పనిచేసిన అనుభవం దానికి ఉంది. పేరు దగ్గరగా ఉందని దీని తమ్ముడు 4ఎల్60ఈని తెచ్చుకుంటే మాత్రం కథ వేరు. దాని పరిమితి సుమారు 490. మూడు, నాలుగు గేర్లను పట్టే క్లచ్ ప్యాకు దాని బలహీనత. పెట్రోల్ వీ8తో తేలిక బండికి సరిపోయే ఆ గేరుబాక్సు, కమిన్స్ వెనక నిలవదు.

47ఆర్‌హెచ్: క్రైస్లర్ టార్క్‌ఫ్లైట్ 727 వంశంలోది, 1994, 1995 డాడ్జ్ డీజిల్ ట్రక్కుల్లో వచ్చింది. నిష్పత్తులు 2.45, 1.45, 1, 0.69. దీని గొప్ప సుగుణం, కమిన్స్‌కు సహజంగా అమరడం. గేర్లు నూనె ఒత్తిడితోనే మారతాయి. ఓవర్‌డ్రైవ్‌కు, లాకప్‌కు మాత్రమే కరెంటు కావాలి, అవి రెండు స్విచ్చులతో నడుస్తాయి. కంపెనీ నుంచి వచ్చిన రూపంలో లాకప్ క్లచ్, ఇన్‌పుట్ షాఫ్ట్, ఒత్తిడి మూడూ బలహీనమే. వాటిని సరిచేయించుకుంటే మంచి జోడీ. ఒక విచిత్రం కూడా ఉంది: పార్కులో ఉంచితే దీని కన్వర్టర్‌కు, కూలర్‌కు నూనె అందదు. అందుకే నూనె మట్టం చూసేదీ, చలికాలం పొద్దున ఇంజను వేడిచేసేదీ న్యూట్రల్‌లోనే.

ఈ4ఓడీ: 1989లో ఫోర్డ్ తన పాత సీ6కు ఓవర్‌డ్రైవ్ చేర్చి తెచ్చింది. ఎఫ్-250లో అప్పటికే ఉంటే తీసేయనక్కరలేదు, అడాప్టర్ ప్లేటుతో కమిన్స్‌కు తగిలించవచ్చు. అయితే దానికి సొంతంగా ఒక కంప్యూటరు కంట్రోలర్ కావాలి, తొలి సంవత్సరాలవాటిని తిరిగి కట్టించి వాడడం మేలు.

ఆలిసన్ 1000: 2001లో డ్యూరామ్యాక్స్ డీజిల్‌తో జీఎం హెవీ డ్యూటీ ట్రక్కుల్లోకి వచ్చింది. మొదట ఐదు గేర్లు, 2006 నుంచి ఆరు. మొదటి గేరు 3.10 కాబట్టి బరువు కదిలించేటప్పుడు కన్వర్టర్ తక్కువ జారుతుంది. వీటన్నిటిలో బరువు పనికి పుట్టిందంటే ఇదే. ఆ బలానికి తగ్గ పరిమాణం కూడా ఉంది, పాత ట్రక్కులో పెట్టాలంటే క్యాబిన్ నేల కోయవలసిరావచ్చు. ఇంజను టార్క్ సమాచారం దాని కంప్యూటరుకు అందాలి. యాంత్రిక పంపు ఉన్న 12 వాల్వుల కమిన్స్‌కు అలాంటి సమాచారం ఇచ్చే కంప్యూటరే లేదు. కాబట్టి విడిగా కంట్రోలర్, యాక్సిలరేటర్ సెన్సర్ అమర్చుకోవాలి. ఖర్చు ఎక్కడికి పోతుందో ఊహించవచ్చు. 

హైవే మీద పొంతన

బలం సరిపోయినా వేగం పొసగకపోతే ఆ గేరుబాక్సుతో సుఖం లేదు. 81 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న టైరు, గంటకు 105 కిలోమీటర్ల వేగం మీద నిమిషానికి 688 చుట్లు తిరుగుతుంది. వెనక యాక్సిల్ నిష్పత్తి 3.54 అయితే, నేరు గేరులో ఇంజను 2,430 ఆర్పీఎం తిరగాలి. 12 వాల్వుల కమిన్స్‌ను గవర్నర్ ఆపేది సుమారు 2,500 నుంచి 2,700 దగ్గర. టర్బో 400 పెడితే హైవే మీద ఇంజను ఎప్పుడూ గొంతు చించుకుని అరుస్తూనే ఉండాలి. 4ఎల్80ఈ ఓవర్‌డ్రైవ్‌లో అది 1,820కి దిగుతుంది. 47ఆర్‌హెచ్‌లో 1,680కి, అంటే పూర్తి టార్క్ దొరికే చోటికే వస్తుంది. ఓవర్‌డ్రైవ్ లేని తొలి ఆటోమేటిక్ డాడ్జ్ డీజిల్‌లకు కంపెనీ 3.07 యాక్సిల్ వేసింది ఇందుకే. అప్పుడు ఆర్పీఎం 2,110 దగ్గర ఆగుతుంది.

గేరు మారే వేగం కూడా ఇంతే ముఖ్యం. పెట్రోల్ వీ8 కోసం గేరుబాక్సులో అమర్చిన హైడ్రాలిక్ గవర్నర్, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు 4,500 దాటాక గేరు మార్చేలా ఉంటుంది. డీజిల్ 2,700 దాటనే దాటదు. ఫలితంగా గేరు మారదు, బండి మొదటి గేరులోనే మొత్తుకుంటుంది. బయటినుంచి ఒకేలా కనిపించే 727 పెట్రోల్‌దా, డీజిల్‌దా అని చూడకుండా కొంటే ఎదురయ్యే తొలి సమస్య ఇది.

కన్వర్టర్ ఎంపిక ఇంకా సున్నితం. కన్వర్టర్ పట్టే టార్క్ దాని వేగం వర్గానికి, వ్యాసం ఐదో ఘాతానికి అనుపాతంలో ఉంటుంది. వ్యాసం పదో వంతు తగ్గితే పట్టు 41 శాతం పడిపోతుంది. ఎక్కువ వేగం దగ్గర జారేలా చేసిన చిన్న కన్వర్టర్ పెట్రోల్ పందెం బండికి వరం, డీజిల్‌కు శాపం. 400 న్యూటన్ మీటర్ల ఇంజను వెనక 1,700 దగ్గర నిలిచే కన్వర్టరే, 540 ఇచ్చే ఇంజను వెనక 1,975 దాకా జారుతుంది. ఇంజను మారిందంటే కన్వర్టర్ కూడా మారాలి.

ఒక తీగ చేసే చేటు

హైడ్రాలిక్ గేరుబాక్సులకు యాక్సిలరేటర్ ఎంత తొక్కారో చెప్పేది ఒక కేబుల్. జీఎం 700ఆర్4లో, 47ఆర్‌హెచ్‌లో దాన్ని టీవీ (థ్రాటిల్ వాల్వ్) కేబుల్ అంటారు. అది లాగిన కొద్దీ లోపల ఒత్తిడి పెరుగుతుంది. ఇంజను మార్చినప్పుడు ఈ కేబుల్‌ను కొత్త ఇంజను మీటకు తగిలించాలి. మీట పొడవు, కోణం తేడా వస్తే, యాక్సిలరేటర్ సగం తొక్కినా గేరుబాక్సుకు పావు వంతే అనిపిస్తుంది. ఒత్తిడి చాలదు, ప్లేట్లు జారతాయి. కొత్త గేరుబాక్సు మొదటి ప్రయాణంలోనే మాడిపోయిందంటే, అనుమానించవలసిన మొదటి వస్తువు ఇదే. ఎలక్ట్రానిక్ గేరుబాక్సులకు ఈ బెడద లేదు. గేరు ఎప్పుడు మారాలో, ఒత్తిడి ఎంతుండాలో ల్యాప్‌టాప్‌లో దిద్దుకోవచ్చు. దానికి బదులు సెన్సర్లు, వైరింగు తప్పవు. కేబుల్ సరిచేయడం వచ్చినవాడికి 47ఆర్‌హెచ్, వైరింగు భయం లేనివాడికి 4ఎల్80ఈ అనడం సబబు.

అతికించే చోటా జాగ్రత్త పడాలి. ఇంజను వెనక ముఖం, గేరుబాక్సు బెల్ హౌసింగ్ ఒకదానికొకటి అమరకపోతే అడాప్టర్ ప్లేటు వాడతారు. ఆ ప్లేటు క్రాంక్‌షాఫ్టు అక్షానికి వెంట్రుకవాసి పక్కకు జరిగినా, గేరుబాక్సు ముందుభాగంలోని పంపు బుష్, సీలు అరిగి లీకులు మొదలవుతాయి. కన్వర్టర్ పంపులోకి పూర్తిగా కూర్చోకముందే బోల్టులు బిగిస్తే, ఇంజను స్టార్టు చేయగానే పంపు పగులుతుంది. గేరుబాక్సు పొడవు మారితే ప్రొపెల్లర్ షాఫ్ట్ కోయించాలి లేదా పొడిగించాలి, దాని జాయింట్ల కోణాలు సరిచూసుకోవాలి. లేకపోతే వెనక బుష్ అదురుకు అరిగిపోతుంది.

ఇదంతా చదివి మన బండికీ చేయిద్దామనుకునేవారికి ఒక మాట. మోటారు వాహనాల చట్టం 1988, 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్‌లో ఉన్న వివరాలు తయారీదారు మొదట ఇచ్చినవాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు, ఇంజను మార్చాలన్నా ఆర్టీఓ అనుమతి ఉండాలి. అమెరికాలోనూ అన్నిచోట్లా ఇష్టారాజ్యం కాదు. కాలిఫోర్నియాలో బండి కన్నా పాత సంవత్సరం ఇంజనును అందులో ఎక్కించడం కాలుష్య పరీక్షలో చెల్లదు.

డబ్బు ఎక్కడ పెట్టాలి

ఎంపిక వరస ఇలా ఉంటే పొరపాటుకు చోటు తక్కువ. ముందు బండి చేసే పని రాసుకోవాలి: లాగే బరువు, తిరిగే వేగం, ఎక్కే ఎత్తులు. తర్వాత ఇంజను ఇచ్చే టార్క్, అది ఏ ఆర్పీఎం దగ్గర వస్తుందో, రేపు ఎంతకు పెంచబోతున్నారో చూడాలి. యాక్సిల్, టైరు లెక్క కట్టి ఓవర్‌డ్రైవ్ కావాలో వద్దో తేల్చాలి. ఆ మూడూ తేలాక బరిలో మిగిలేవి ఒకటో రెండో. ఖాళీగా పొలానికి వెళ్లొచ్చే బండికి టర్బో 400 నిక్షేపంలా సరిపోతుంది. మామూలు కమిన్స్‌తో నాలుగు టన్నుల ట్రెయిలర్ లాగేవారికి సరిచేయించిన 47ఆర్‌హెచ్ గానీ 4ఎల్80ఈ గానీ చాలు. ఇంధనం పెంచి అంతకు మించిన బరువులతో కొండలెక్కేవారికే ఆలిసన్ ఖర్చు గిట్టుబాటు.

అక్కడితో బడ్జెట్ మొత్తం గేరుబాక్సు పేరుకే పోయకూడదు. పెద్ద ఆయిల్ కూలర్, డాష్‌బోర్డులో నూనె ఉష్ణోగ్రత మీటరు, ఇంజనుకు తగిన కన్వర్టర్, గట్టి లాకప్ క్లచ్ కోసం ముందే కొంత పక్కన పెట్టాలి. ఇవి ఉన్న మధ్యరకం గేరుబాక్సు, ఇవి లేని మేటి గేరుబాక్సు కన్నా ఎక్కువ కాలం బతుకుతుంది. మీటరులో ముల్లు 110 దాటిందంటే ఎక్కడో ఏదో జారుతోందని అర్థం. అప్పుడు బండి పక్కకు తీసి, న్యూట్రల్‌లో ఇంజను తిరగనిస్తూ నూనెను చల్లారనివ్వాలి. ఆ పది నిమిషాలు ఆగగలిగితే, మళ్లీ గేరుబాక్సు దించే పని చాలా ఏళ్లు వెనక్కి పోతుంది.